పిల్లి వెంట గిన్నె

పిల్లికి మందు పోయడం ఒక్క మనిషితో అయ్యే పని కాదు. ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు పోయాలి. మా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. మా ఆయన మగ్గం మానేసి జడ్చర్లలో మందుల కంపెనీలో చేరాడు. అక్కడే కిరాయి గదిలో ఉంటాడు, రెండు వారాలకోసారి ఇంటికొస్తాడు. అందుకని పిల్లిని పాత తువ్వాలలో మూట కట్టినట్టు చుట్టి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో దవడ నొక్కి, కుడి చేత్తో సూది లేని సిరంజితో పోసేదాన్ని. సగం దాని గొంతులోకి, సగం నా చీర మీదికి. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. మధ్యమధ్య రెండు చుక్కల నీళ్లు. ఉడికించిన కోడి కార్జం మెత్తగా పిసికి వేలితో దాని అంగిలికి రాయాలి. గీరలు పడ్డ వేళ్లతో మగ్గం మీద కూర్చుంటే ప్రతి గీరకూ పట్టుపోగు చిక్కుకునేది. తెగిన పోగు అతుక్కుంటూ పిల్లిని తిట్టేదాన్ని. పిల్లి మీద జాలేస్తే మా ఆయనను తిట్టేదాన్ని.

ఆయన ఫోన్లో నవ్వేవాడు. "నేనీడ మందులు చేస్తున్న, నువ్వాడ పిల్లికి పోస్తున్నవ్. ఇద్దరిది ఒకటే డ్యూటీ."

"నవ్వు, నవ్వు. వచ్చి ఒక్కపూట పట్టుకో, తెలుస్తది."

అసలు ఆ పిల్లిని నేను కోరి తెచ్చుకోలేదు. మా వీధి చివర ఇంట్లో కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేసి పోయారు. పోతూ పోతూ గోడకున్న మేకులు కూడా పీక్కుపోయారు గానీ పిల్లిని మాత్రం లోపలే వదిలేశారు. మూడు రోజులు ఆ తాళం వేసిన ఇంట్లోంచి అరుపు వినపడింది. మొదటిరోజు పెద్దగా, మూడోరోజు గొంతు పోయి కీచుమన్నట్టు. అందరూ విన్నారు. "పాపం" అన్నారు, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. నాకు మాత్రం జాలి కాదు, కోపమొచ్చింది. వాళ్లకు ఫోన్ చేస్తే ఆ ఇంటామె ఎంత చల్లగా అన్నదో! "అయ్యో, అది ఆడనే ఉండిపోయిందా అక్కా? మంచిగుంటది, మీరే ఉంచుకోన్రి."

కిటికీ జాలీ కోసి లోపలికి దిగాను. దొంగతనమంటే అననీ అనుకున్నాను. స్నానాల గదిలో చుక్క చుక్క కారే నల్లా కింద పడుకుని ఉంది. ఎత్తుకుంటే చేతిలో బరువు లేదు. ఇంటికి తెచ్చి, ఒక సత్తు గిన్నెలో పాలన్నం పెట్టాను. ఆ గిన్నె దానిదైపోయింది.

మా నేత వాడకట్టులో పిల్లి అంటే ముద్దు కోసం పెంచుకునేది కాదు, పనిముట్టు. నూలు పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా ఎక్కించే పోగులకు, బియ్యపు గంజి పెడతాం కదా, ఆ వాసనకు ఎలుకలొస్తాయి. ఎలుక ఒకసారి పడుగు మీద పడితే వంద పోగులు కొరుకుతుంది, వాటిని అతకడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే కొత్త పడుగు ఎక్కించిన ఇంటికి పిల్లిని పంపడం మా ఆనవాయితీ. ఎవరి పిల్లయినా సరే, అడిగితే కాదనకూడదు. పిల్లి వెంట దాని గిన్నె కూడా పోవాలి. తన గిన్నె కనిపిస్తేనే పిల్లి కొత్త ఇంట్లో నిలుస్తుందని, పనైపోయాక ఆ గిన్నెతోనే వాపసు వస్తుందని నమ్మకం. గిన్నె వద్దని పిల్లిని మాత్రమే తీసుకుపోయారంటే అది ఇక వాళ్లదే. మళ్లీ అడగకూడదు. మా దగ్గర పెళ్లిపిల్లను పంపడానికి కూడా ఇన్ని పద్ధతులు లేవు.

నేను నేసేది పట్టు, నా పడుగుకు గంజి ఉండదు. కాబట్టి నా పిల్లికి తీరికే తీరిక. నెల తిరిగేసరికి ఒళ్లు చేసి, ఎండలో బోర్లా పడుకుని, నన్ను చూసి ఒక కన్ను మాత్రం తెరిచేది. అప్పుడు ఎదురింటి అవ్వ దాన్ని అడిగింది.

ఈ అవ్వ సంగతి చెప్పాలి. డెబ్బై దాటినా మగ్గం దిగలేదు, తువ్వాళ్లు నేస్తుంది. ఇంట్లో ఆమె, ఆమె గండుపిల్లి, అంతే. ఆ గండుపిల్లికి పన్నెండేళ్లు ఉంటాయట, పళ్లు ఊడిపోయాయి. మగ్గం గుంటలో అవ్వ ఒక కాలు తొక్కుడు చెక్క మీద ఉంటే, రెండో కాలు పిల్లి వీపు మీద ఉండేది. "గీ ముసలోనికి ఎలుక ఎదురొస్తే రాంరాం చెప్తడు," అని నవ్వేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ఆయనకు తగిలింది. వాడకట్టువాళ్లు మా గుమ్మానికి అడ్డంగా వాసాలు కట్టారు. నిన్నటిదాకా మా ఇంట్లో చాయ్ తాగినవాళ్లు తల తిప్పుకుని పోయారు. పద్నాలుగు రోజులు అవ్వ ఒక్కతే వచ్చింది. మూతికి కొంగు కట్టుకుని, అన్నం గిన్నె వాసాల కింది నుంచి లోపలికి జరిపి, "తీస్కో బిడ్డా, ఎచ్చగున్నప్పుడే తిను," అనేది. ఎవరో వద్దంటే, "నాకొస్తే నేనే సస్త తియ్యి, నీకేంది?" అని గట్టిగా కసిరింది. లోపలి నుంచి విని నేను ఏడ్చాను.

అట్లాంటి అవ్వ పిల్లిని అడిగితే కాదంటానా? గిన్నెతో సహా ఇచ్చాను. పది రోజులుంది. గండుపిల్లి, నా పిల్లి ఒకే గిన్నెలో మూతులు పెట్టి తినేవి, ఒకదాని తల ఒకటి నాకేవి. "ముసలోనికి పెండ్లి జేసినట్టున్నది సూడు," అని అవ్వ ఒకటే సంబరం.

వాపసు వచ్చిన నాలుగు రోజులకు నా పిల్లి తిండి మానేసింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది. దారపు కండెల గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నల్లగొండ బస్సెక్కాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి, గంప వైపు చూశాడు.

"కోడా అమ్మా?"

"పిల్లి. దవాఖానకు తీస్కపోతున్న."

"ఆడదా, మొగదా?"

"ఆడదే."

"అయితే దానికి గూడ ఫ్రీనే తియ్యి," అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్విన నవ్వే, మళ్లీ చాన్నాళ్లు నవ్వలేదు.

పశువుల దవాఖానలో బర్రెలు, మేకలు, వాటి వెనుక మేము. నా పక్కన కేతేపల్లి నుంచి గొర్రెపిల్లను భుజాన వేసుకొచ్చిన ఒకాయన కూర్చున్నాడు. మాటల్లో మాటగా చెప్పాడు. "రోగమొస్తే మేమైతే ముందు దాన్ని మందలకెల్లి వేరు జేస్తం. పక్క మందోళ్లకు చెప్తం. మందు తర్వాత సంగతి. చెప్పకుంటే మనం మనుషులమేనా?" నేను తలూపాను. ఎవరికైనా తలూపడానికి ఏం పోతుంది!

డాక్టరు సార్ మంచివాడే. పిల్లిని అటూ ఇటూ తిప్పి చూసి, మెడ కింద తడిమి, మొహం ముడుచుకున్నాడు. జ్వరానికి, బలానికి మందులిచ్చి, హైదరాబాద్ నుంచి పరీక్ష కిట్ తెప్పిస్తానని వారం తర్వాత రమ్మన్నాడు. వెళ్తే ఒక చుక్క రక్తం తీసి పట్టీ మీద వేశాడు. ఒక గీత ముదురుగా వచ్చింది. దాని పక్కన ఇంకొకటి, ఉందా లేదా అన్నట్టు సన్నగా.

"ఫెలైన్ లుకేమియా అని ఒక వైరస్. పిల్లులకు మాత్రమే వస్తది, మనకు రాదు. ఉన్నదని ఖాయంగ చెప్పలేను, లేదని చెప్పలేను. నెలన్నరకు మళ్లా చూద్దాం. కొన్నిటికి ఒంట్ల బలముంటే అదే తగ్గిపోతది. అందాక వేరే పిల్లులతోని కలవనియ్యకు. ఎంగిలితోని అంటుతది, ఒకే గిన్నెల అసలు పెట్టొద్దు. వేరే పిల్లితోని కలిసిందా?"

"లేదు సార్," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. బస్సులో వస్తూ ఇంటికి పోగానే అవ్వకు చెప్పేయాలనుకున్నాను. మాటలు కూడా పేర్చుకున్నాను. తీరా వీధిలో దిగితే అవ్వ గడప మీదే కూర్చుని ఉంది, ఒళ్లో గండుపిల్లి.

"ఏమన్నడు బిడ్డా డాక్టరు?"

చుట్టుపక్కల నలుగురు ఆడవాళ్లు కండెలు చుడుతూ తలలెత్తారు. నాకు మా గుమ్మానికి కట్టిన వాసాలు గుర్తొచ్చాయి. అంటురోగం అని ఒక్కమాట అంటే, తెల్లారేసరికి నా పిల్లిని గోనెసంచిలో కట్టి హైవే అవతల పారేసి వస్తారు.

"కడుపుల నట్టలంట," అన్నాను. నట్టలంటే కడుపులో పురుగులు. మేకలకూ పిల్లలకూ అందరికీ వచ్చేవే. ఎవరూ భయపడరు. ఆడవాళ్లు మళ్లీ తలలు దించుకున్నారు.

మా ఆయనకు చెబితే, "ఊకో, గెలకకు. ముసలామెకు లేనిపోని ఫికరు పెట్టుడెందుకు," అన్నాడు. తప్పు ఆయన మీదికి తోయాలని లేదు. ఆయన చెప్పమన్నా నేను చెప్పేదాన్ని కాదేమో. అప్పటికే అలసిపోయి ఉన్నాను.

ఆ నెలన్నర ఎట్లా గడిచిందో! పొద్దున లేస్తే బతికుందా అని చూడటం, ఉందంటే మళ్లీ తువ్వాల, సిరంజి, కార్జం. ఒకరోజు రెండు ముద్దలు తింటుంది, పండగ అనుకునేలోపు మర్నాడు ఏమీ ముట్టదు. ఒక్కోసారి మోకాళ్ల మధ్య దాన్ని పట్టుకుని, "పోతే పోరాదే, నన్ను సంపకు," అనేదాన్ని. అని, వెంటనే దాని తల నిమిరేదాన్ని. మగ్గం మీది చీర ఇవ్వాల్సిన గడువు దాటింది. నడుము పట్టేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, గండుపిల్లి రోజూ మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. దానికి నా పిల్లి కావాలి, ఆ గిన్నె కావాలి. పొయ్యి కట్టె తీసుకుని అదిలించేదాన్ని. ఒకనాడు కట్టె విసిరాను, దాని వెనక కాలికి తగిలింది. ఎదురుగా అవ్వ నిలబడి చూస్తోంది.

"నా ముసలోడు నీకేం జేసిండు బిడ్డా?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

"పాలు తాగిపోతున్నది అవ్వా," అన్నాను. అవ్వ కుంటుతున్న పిల్లిని ఎత్తుకుని లోపలికి పోయింది. అప్పుడు పరుగెత్తి పోయి చెప్పి ఉంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

నెల దాటాక ఒక మధ్యాహ్నం అవ్వ మా ఇంటికి వచ్చింది. "ముసలోడు తింటలేడే. మూతి తెల్లగైంది. నీ దానికి గిట్లనే గదా అయింది? నీ నట్టల మందు జర మిగిలితే ఇయ్యి."

నా దగ్గర నట్టల మందు ఉంది. మొదటిరోజు డాక్టరు ఎందుకైనా మంచిదని ఇచ్చిన సీసా. అది తీసి ఆమె చేతిలో పెట్టాను. మూత గట్టిగా ఉందో లేదో చూసి మరీ ఇచ్చాను. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

"దవాఖానకు తీస్కపోదాం అవ్వా, నేనొస్త," అన్నాను.

"నట్టలకు దవాఖాన ఎందుకే? మేకలకు జేసినట్టే. మందు పోసి మూడు దినాలు కడుపు మాడ్చాలె, నట్టలు సచ్చి పడిపోతయి." మాకందరికీ తెలిసిన పద్ధతే అది. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది.

ఆరోరోజు గండుపిల్లి చనిపోయింది. అవ్వ తను నేసిన కొత్త తువ్వాలలో చుట్టి పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టింది. గుంట నేనే తవ్వాను. ఆమె మట్టి పోస్తూ, "పన్నెండేండ్లు నా కాలు కిందనే ఉన్నవు గదరా," అని ఒక్క మాట అంది. నేను పార పట్టుకుని నిలబడ్డాను. నా ఇంట్లో ఆ రోజు నా పిల్లి తనంతట తానే గిన్నె దగ్గరికి పోయి తిన్నది.

రెండో పరీక్షలో సన్నగీత రాలేదు. డాక్టరు పట్టీని వెలుతురుకు పెట్టి రెండుసార్లు చూశాడు. "ఒంట్లనే తగ్గి ఉంటది, లేకుంటే మొదటిది తప్పు చూపి ఉంటది. కొన్ని నెలలకు ఇంకోసారి చూద్దాం. బాగ చేసినవమ్మా, చాలామంది గింత చెయ్యరు." ముసలి పిల్లి ఒకటి చనిపోయిందని, అది దీని వల్లేనా అని అడిగాను. "పన్నెండేండ్లదంటున్నవు. ముసలితనం కావచ్చు, ఇదే కావచ్చు. పరీక్ష లేకుండ ఎట్ల చెప్తం?" అని, నా మొహంలోకి చూశాడు. వేరే పిల్లితో కలవలేదన్న మాట ఆయనకు గుర్తొచ్చిందేమో.

కావచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. కాకపోయి ఉండవచ్చు అని ఎన్నిసార్లు చెప్పుకున్నా, సీసా ఇచ్చిన చెయ్యి నాదే.

ఇంకో రెండు వారాలకు అవ్వ కొత్త పడుగు ఎక్కించింది. గంజి వాసన మా ఇంటిదాకా వచ్చింది. ఈ వాసన వస్తే ఆమె వస్తుందని నాకు తెలుసు. వచ్చింది. గడప దగ్గర నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "నీ పిల్లినియ్యి బిడ్డా. పది దినాలు ఉంచుకుని పంపిస్త. ఇల్లు మరీ గమ్మునున్నది."

మళ్లీ అబద్ధమాడే ఓపిక నాలో లేదు. మంచితనం వల్ల చెప్పానని అనను. ఇక మోయలేక చెప్పాను.

"అవ్వా, జర కూసో. ఒక మాట చెప్పాలె."

"నిలబడే ఇంట, చెప్పు."

అంతా చెప్పాను. పట్టీ మీద గీత, ఎంగిలి, ఒకే గిన్నె, నలుగురిలో భయపడి నట్టలన్నది, ఇప్పుడు నా పిల్లికి లేదని తేలింది, ఆమె పిల్లికి ఉందో లేదో ఎవరూ చెప్పలేరన్నది.

"డాక్టరు నీకెప్పుడు చెప్పిండు?"

"నీ ఇంట్లకెల్లి వచ్చినంక రెండు వారాలకు."

"నేను నట్టల మందడిగిననాడు నీకెరికేనా?"

"ఎరికే అవ్వా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. "నాకు చెప్పినుంటే నీ లెక్కనే నేను గూడ కార్జం తినవెడుతుంటి. ఒళ్లో వెట్టుకుని నీళ్లు వోస్తుంటి. బతుకుతుండెనో సస్తుండెనో, అది వేరే ముచ్చట. వాడు మూడు దినాలు నా కాళ్ల సుట్టు తిరిగి అన్నం కోసం అరిసిండు. నేను పెట్టలే. నట్టలు సావాలని పెట్టలే."

తప్పయిందన్నాను. ఆ మాట ఆమెకు వినపడిందో లేదో. ఎండలో పడుకున్న నా పిల్లి దగ్గరికి పోయి, వంగి, రెండు చేతులతో ఎత్తుకుంది. అది ఆమెను గుర్తుపట్టి మెడ కింద తల పెట్టింది. నేను గబగబా గిన్నె కడిగి తెచ్చి అందించాను. డాక్టరు చెప్పినట్టే మరిగే నీళ్లతో కడిగానని కూడా చెప్పాను.

ఆమె గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది.

"గిన్నె వద్దు. నీ దగ్గరనే ఉండనియ్యమ్మా," అంది.

పిల్లిని ఎత్తుకుని వీధి దాటి పోయింది. నన్ను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. పరాయివాళ్లను పిలిచినట్టు పిలిచింది. కండెలు చుట్టే ఆడవాళ్లు నా చేతిలో గిన్నెను చూశారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మా ఆయన వచ్చినప్పుడు, "ఏమే, కిటికీ కోసి తెచ్చిన పిల్లిని గట్లెట్ల ఇచ్చినవ్? పోయి అడగరాదు?" అన్నాడు.

"పద్ధతి తెల్వదా నీకు?" అని కసిరాను. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

మూడోనాడే పిల్లి తనంతట తాను వీధి దాటి వచ్చి మా గడప దగ్గర కూర్చుంది. నా వైపు చూసి అరిచింది. మందు వేళ అయింది కదా, నా చేతులు వాటంతట అవే తువ్వాల కోసం వెతికాయి. మందు అక్కర్లేదని, అది నాది కాదని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. గిన్నె గూట్లో బోర్లించి ఉంది. తీసి నాలుగు మెతుకులు పెడితే అది ఇక్కడే ఉండిపోతుంది. నాకు తెలుసు. ఇంట్లోకి పోయి తలుపు మూశాను. అది తలుపు గీరుతూ అరిచింది, తాళం వేసిన ఇంట్లో అరిచినట్టే. నేను తలుపుకు వీపు ఆనించి కింద కూర్చున్నాను.

కాసేపటికి ఎదురింట్లో మగ్గం చప్పుడు ఆగింది. అవ్వ తన గడపలోంచి పిలిచింది.

"దా బిడ్డా. అన్నం వెట్టిన, ఎచ్చగున్నప్పుడే తిను."

గీరడం ఆగింది.